స్తంభం కింద జవాబు

ఏది ముందు, ఏది వెనక అన్నది కాస్త తారుమారు కావచ్చు. ఈమధ్య నా జ్ఞాపకం చిల్లుకుండ అయిపోయింది. ఆ చప్పుడు సంగతి మాత్రం విన్నది విన్నట్టే చెబుతాను.

కొత్తగా కడుతున్న బీరు ఫ్యాక్టరీలో, పొద్దుగూకాక పెద్ద హాల్లోకి ఒంటరిగా ఎవరూ అడుగుపెట్టేవారు కాదు. అదో వింత కట్టడం. ఇటుక అన్నది లేదు, అన్నీ ఉక్కు స్తంభాలు, ఉక్కు దూలాలు, చుట్టూ అద్దాలు. బీరు కాచే ట్యాంకులు ఉట్టిమీది కుండల్లా గాల్లో వేలాడేవి. వాటిని మోసే పైదూలం మీదే... ఆ చప్పుడు.

ఖంగ్... ఖంగ్... ఖంగ్... దూలం వెంబడి సాగేది. చివర్న — దబ్. అక్కడితో ఆగిపోయేది.

ఆ దూలానికి నట్లు బిగించింది ఇద్దరు అన్నదమ్ములు. అన్నని గంటన్న అనేవారు, తమ్ముణ్ణి బక్కోడు. పైన అన్న ఒక్కో నట్టూ బిగించి సుత్తితో కొడతాడు. కింద తమ్ముడు స్తంభానికి చెవి ఆనించి వింటాడు. గంటలా మోగితే తన సుత్తితో స్తంభం మీద ఒక్క దెబ్బ — 'సరే, పద' అని. రెండు దెబ్బలంటే — 'వదులు, మళ్ళీ బిగించు'. కిందినుంచి జవాబు రానిదే అన్న ముందుకు జరిగేవాడు కాదు.

ఓ వానపూట, చివరి నట్టు దగ్గర అన్న కాలు జారింది... మళ్ళీ లేవలేదు. ఆ గందరగోళంలో తర్వాత వచ్చినవాళ్ళు ఆ నట్టు సంగతి చూడకుండానే దూలానికి రంగు పూసేశారు.

"చల్లబడితే ఉక్కు ముడుచుకుంటుందిరా. ఆ చప్పుడే ఇది," అనేవాడు మేస్త్రీ. అంటూనే హాలు గేటు దాటి లోపలికి వచ్చేవాడు కాదు.

"మరి రోజూ చివరి నట్టు దగ్గరే ఆగుతుందేం?" గొణిగాడు బక్కోడు. "తెల్లారితే ట్యాంకు నింపుతారు. రేపట్నుంచి మా వదినకి పని దాని కిందే."

"నీకేమన్నా అయితే మీ వదినకి నేనేం చెప్పేదిరా?"

బక్కోడు వినలేదు. పానా, తన సుత్తి, ధైర్యానికి అన్న సుత్తి కూడా నడుముకి దోపుకుని ఎక్కేశాడు.

పైన కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. తడుముకుంటూ మొదటి నట్టు కొట్టాడు. ఖంగ్.

కింద స్తంభం మీద — టక్.

'పిరికి మేస్త్రీకి ఇంత గుండె ఎక్కణ్ణుంచి వచ్చిందో!' అనుకున్నాడు. ప్రాణం కుదుటపడింది.

ఖంగ్ — టక్. ఖంగ్ — టక్.

చివరి నట్టు. దబ్.

కింద — టక్... టక్.

వేళ్ళు వేసి చూశాడు. నట్టు ఉత్తచేత్తోనే తిరిగింది! చెమటలు కారుతుండగా పానా వేసి, ఉన్న బలమంతా పెట్టి బిగించాడు. కొట్టాడు. ఖంగ్!

కింద — టక్.

దిగి చూస్తే స్తంభం దగ్గర ఎవరూ లేరు. మేస్త్రీ గేటు బయటే, కడ్డీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సమయానికి జవాబిచ్చావు మేస్త్రీ. నీ మేలు మరిచిపోను."

మేస్త్రీ వేలితో బక్కోడి నడుము చూపించాడు.

"నేను... లోపలికే రాలేదురా. సుత్తులు రెండూ నీ దగ్గరే ఉన్నాయిగా..."

ఆ తర్వాత పైన చప్పుడు లేదు. వదిన ఆ ట్యాంకు కిందే తల నెరిసేదాకా పనిచేసింది.

అన్నని గంటన్న అన్నారో, ఖంగన్న అన్నారో... అమ్మాయ్, అక్కడే పనిచేసే మీ బాబాయిని అడిగి పేర్లు ఓసారి సరిచూడు. ఆ స్తంభం పక్కన నిలబడి మాత్రం అడగకు తల్లీ — జవాబొస్తుంది.