గుట్టోళ్ల ప్లేటు

మేం బిర్యానీ వండే పెద్ద దేగ్చా మూత విమానం రేకు. మా దాదా కాలంలో, ముసురు పట్టిన ఒక పొద్దున, విమానం ఒకటి నల్లమలలో గుట్టకు గుద్దుకుంది. ఒక్కరూ బతకలేదు. శవాలను దించడానికి పోయిన దాదా తిరిగొస్తూ ఒక రేకు భుజాన వేసుకొచ్చి మూత కొట్టించాడు. అప్పటినుంచి ఏ దావత్‌కు వండినా మొదటి ప్లేటు ఆ చనిపోయినవాళ్లకే; మేం గుట్టోళ్లంటాం. వాళ్ల పేర ఫాతెహా చదివి, గుట్ట దిక్కు గోడ మీద పెడతాం. పొద్దుగూకాక దారిన పోయే ఫకీరుకు ఇస్తాం. పంక్తిలోకి మాత్రం తేకూడదు.

తెలకపల్లి చుట్టుపక్కల పెళ్లి వంటలు మావే. ఎక్కడా తక్కువ పడనివ్వలేదు. పోయిన నెల నా సొంత చెల్లెలు అల్ఫియా పెళ్లిలో తక్కువ పడింది.

అమరచింత నుంచి పెళ్లికొడుకు వాళ్లు చెప్పినదానికి రెట్టింపు మంది దిగారు. మొదటి దేగ్చా ఖాళీ. రెండోది, విమానం రేకు మూతది, దమ్ మీద ఉంది. పెళ్లికొడుకు తండ్రి మునవ్వర్ సాబ్ ముందు ఉత్త ప్లేటు.

"వంటోళ్లింట్ల పెండ్లి అంటిరి. వాసనతోనే కడుపు నింపుతరా ఏంది?" అన్నాడు పక్కనున్నాయన. పంక్తి అంతా నవ్వింది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎవరూ చూడకుండా గోడ మీది ప్లేటు తెచ్చి మునవ్వర్ సాబ్ ముందు పెట్టాను. ఆయన తల దించుకుని తిన్నాడు... ఒక్క మెతుకు వదలకుండా.

అప్పుడే వినబడింది. టక్... టక్...

రెండో దేగ్చాలోంచి. ఆవిరేమో అనుకున్నాను. బిర్యానీ వాసన లేదు. కిరసనాయిలు, కాలిన వైరు వాసన. 

మా నాయనమ్మ బడేబీ పక్కకు వచ్చి గుసగుసగా అడిగింది. "గుట్టోళ్లకు తీసినవా ఇంతియాజ్?"

"తీసిన దాదీ."

"మరి... ఎవరు కొడ్తున్నరు రా?"

ఆవిరి పోకుండా మూత చుట్టూ పెట్టిన పిండి ముద్ద ఎండి, ఎక్కడా పగలకుండా ఉంది. గరిటెతో పగలగొట్టి మూత ఎత్తాను.

దేగ్చా ఖాళీ. కడిగినట్టు.

మూత లోపలి వైపు నెయ్యి చేతుల గుర్తులు. ఎన్నో చేతులు... ఒకటి చంటిపిల్లది.

ఆ రోజు మా ఇంటినుంచి సగం మంది ఆకలితో లేచిపోయారు. పరదా వెనక అల్ఫియా ఏడుస్తుంటే నేను చూడలేకపోయాను. అన్నం మాడిపోయిందని అందరికీ చెప్పాను. దాదీ ఖాళీ గోడ దిక్కు చూసి, నా దిక్కు చూసింది. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

నిన్న అల్ఫియా ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"భాయ్... మా మామకు ఎంత పెట్టినా ఆకలి తీర్తలేదు. తెల్లారంగనే గోడెక్కి గుట్టల దిక్కు మొఖం పెట్టి కూసుంటుండు. మొదటి ప్లేటు నాకే, నాకే అంటుండు. నాకు భయమైతుంది. మన దిక్కు ఏమన్న తిన్నడా భాయ్?"

 చెప్పాలి. చెప్తే నా చెల్లెలు నన్నేమనుకుంటుంది?

"ఏం తినలేదు," అన్నాను.

ఫోనులో, ఆమె వెనక, ఎవరో ఖాళీ ప్లేటు మీద కొడుతున్నారు. టక్... టక్...

ఒక్కరు కాదు.