ఎదురు కుర్చీ ఖాళీయేనా?

"నా మొహానికి ఏమైనా అంటుకుందా?" ఫుమినో చాప్‌స్టిక్స్‌ని టక్కున కింద పెట్టింది.

ఎదుటి కుర్చీలోని కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. "మొహానికి కాదండీ... నోట్లో."

"నోట్లోనా?"

"పై వరసలో ఎడమ పక్క పన్ను. పక్కదాని మీదికి ఎక్కి కూర్చుంది చూశారూ, అది. పళ్ళసెట్లు చేసే ల్యాబ్‌లో పని నాది. రోజంతా తిన్నని పళ్ళే చేస్తాను. ఇంత ముద్దుగా వంకరపోయినదాన్ని ఈ మధ్య చూళ్ళేదు."

ఇది పొగడ్తా, తెగడ్తా? ఒసాకాలో ఆడపిల్లతో మాట కలపడానికి పన్ను తప్ప ఇంకేం దొరకలేదా ఈ మహానుభావుడికి! లేచిపోదామంటే వేరే చోటు లేదు. మధ్యాహ్నం పన్నెండు దాటిందంటే కినుయో పిన్ని నూడుల్స్ కొట్టులో ఈగ దూరే సందుండదు. ఒంటరిగా వచ్చినవాళ్ళని పిన్ని తోచిన బల్ల దగ్గర కూర్చోబెట్టేస్తుంది. "కాస్త సర్దుకోండమ్మా, ఇద్దరికీ ఒకటే బల్ల!" అందంటే ఇక అప్పీలు లేదు.

అలా కూర్చున్న కొత్తవాళ్ళు ఒకరినొకరు చూడనట్టే తిని వెళ్ళిపోవడం మర్యాద. ఆ కుర్రాడు, ఒగాతా, మొదటి రోజే ఆ మర్యాద తప్పాడు. మర్నాడు కూడా పిన్ని ఇద్దరినీ ఆ గోడపక్క బల్లకే తోసింది. ఫుమినో బొత్తాల హోల్‌సేల్ దుకాణంలో పని చేస్తుంది. ఈసారి ఆమె వంతు.

"మీ చొక్కాకి రెండో బొత్తం వేరే చొక్కాది."

"కనిపెట్టేశారే! అమ్మో, మీతో జాగ్రత్తగా ఉండాలి."

"ఉండండి మరి."

జూన్ వానలు వెళ్ళి ఎండలు ముదిరాయి. బల్ల మాత్రం అదే. నూడుల్స్ మీద వేసే తియ్యటి టోఫూ వేపుడు ముక్కని ఆమె ఆఖరికి దాచుకుంటుంది. అతను ముందే లాగించేసి ఆమె గిన్నెలోకి ఆశగా చూస్తాడు.

"చూపు తిప్పండి, దిష్టి తగుల్తుంది" అంటూనే సగం తుంచి అతని గిన్నెలో వేస్తుంది.

బల్లకి ఒకటే కారప్పొడి డబ్బా. ఇద్దరి చేతులూ ఒకేసారి దాని మీద పడ్డ రోజున ఫుమినో సాయంత్రం దాకా నల్ల బొత్తాల పెట్టెలో తెల్లవి సర్దింది.

బయట కలుద్దామని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. ఫోను నంబరైనా అడగలేదు. అడగడం దేనికి? పన్నెండుంపావుకి కిక్కిరిసిన కొట్టుంది, తోయడానికి పిన్ని ఉంది.

అక్కడే కొంప మునిగింది. పక్కనున్న గొడుగుల దుకాణం ముసలాయన కొట్టు మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. పిన్ని ఆ చోటు కూడా తీసుకుని గోడ పడగొట్టించింది.

"చూడవే తల్లీ, ఎన్ని బల్లలో! ఇంక ఎవరితోనూ సర్దుకోనక్కర్లేదు. మహారాణిలా ఒక్కదానివే కూర్చో!" పిన్ని మొహం వెలిగిపోతోంది.

ఫుమినోకి ఏడుపొక్కటే తక్కువ. కొత్త బల్ల, కొత్త కుర్చీ, తనకంటూ ఒక కారప్పొడి డబ్బా. ఎవరు అడిగారు ఈ వైభోగం? ఒగాతా వచ్చి గుమ్మంలో ఆగాడు. ఇద్దరూ తలలు వంచి పలకరించుకున్నారు. అంతలో పిన్ని అతన్ని కిటికీ పక్కకి లాక్కుపోయింది. ఇన్ని బల్లలు ఖాళీగా ఉండగా వెళ్ళి ఎదురుగా కూర్చుంటే జనం ఏమనుకుంటారు? పోనీ, అతనికి మొహమాటం అనుకుందాం. మరి తనకేమైంది?

ఆ వారమంతా అతని వీపు చూస్తూ తిన్నది. పీడ విరగడైందని హాయిగా ఉన్నాడేమో అనుకుంటే నోట్లో ముద్ద దిగలేదు.

"టోఫూ వదిలేశావేమే? పులుసు బాగాలేదా?" అంది పిన్ని గిన్నె తీస్తూ.

"బానే ఉంది పిన్నీ."

"ఏం బాగో! ఆ పళ్ళబ్బాయి కూడా సగం వదిలేస్తున్నాడు. మా ఆయన చెయ్యి చెడిందేమోనని నేను హడలి చస్తున్నాను."

ఫుమినో గుండె ఒక్కసారి గంతేసింది.

మర్నాడు తుఫాను వాన. కొనుక్కుందామంటే పక్కన గొడుగుల కొట్టు కూడా లేదాయె. తడిసి ముద్దై లోపలికొచ్చేసరికి బల్లలన్నీ బోసిగా ఉన్నాయి. కిటికీ పక్కన ఒగాతా ఒక్కడే.

"ఎక్కడైనా కూర్చో, ఇవాళ కొట్టంతా నీదే!" అని వంటింట్లోంచి పిన్ని కేకేసింది.

ఫుమినో నీళ్ళోడుతూ తిన్నగా కిటికీ దగ్గరికి నడిచింది.

"ఎక్కడా చోటు లేదండీ. ఇక్కడ సర్దుకోవచ్చా?"

ఒగాతా మెల్లగా తల తిప్పి ఆ ఖాళీ బల్లలన్నీ చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అవునవును. ఇవాళ మరీ రద్దీగా ఉంది" అని కారప్పొడి డబ్బాని బల్ల మధ్యకి జరిపాడు.

"నవ్వకండి. మీరు ఎదురుగా లేకపోతే నాకు తిండి సయించడం లేదు. మీరంటే నాకిష్టం" అంది ఫుమినో కూర్చుంటూ.

అతను నవ్వలేదు. గిన్నెలో ముట్టుకోకుండా ఉంచిన టోఫూని సగం తుంచాడు. "ఈ మధ్య నేనూ దీన్ని ఆఖరికి దాస్తున్నాను. మీరొచ్చి దిష్టి పెడతారేమోనని రోజూ ఎదురుచూశాను. నేనే లేచి రావాల్సింది. ధైర్యం చాల్లేదు."

అప్పుడే పిన్ని పొగలు కక్కే గిన్నెతో వచ్చింది. ఇద్దరినీ చూసింది. వాళ్ళ చుట్టూ ఉన్న ఖాళీ బల్లల్నీ చూసింది.

"ఓసి మీ దుంపతెగ! గోడ పడగొట్టించక ముందే ఒక్క మాట చెప్పి చావొచ్చుగా!"