చేట పట్టిన నియంత

టీవీలో మా మేనల్లుడు రాఘవేందర్ నియంత వేషం కట్టి ఇంటింటినీ వణికించాడంటే, ఆ నడక, ఆ చూపు నేర్పిన గురువును నేనే! ఓదెలు మామ అంటే ఏమనుకున్నారు! ఇంతటి గురువు ఇంట్లో ఉండి కూడా, ఆ సోమవారం పొద్దున మేడ్చల్‌లో మా అక్క దుర్గాబాయి ఇంట్లో కోడలు వినోద కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది...

ఎందుకంటారా? మొగుడి నియంత కోటు వినోదే కుట్టింది. ఆ కుట్టు చూసి సీరియల్ డైరెక్టర్ హేమచంద్ గారు ముచ్చటపడ్డారు. "శామీర్‌పేట సెట్టుకు రోజూ రామ్మా, బట్టల పనంతా నీకే అప్పజెప్తాను. శుక్రవారానికల్లా ఏ సంగతీ చెప్పు" అన్నారు. పెళ్లయిన పదిహేనేళ్లలో వినోద అంత సంబరపడింది ఆ ఒక్కసారే! పరుగున వచ్చి అత్తతో చెప్పింది. మా అక్క చేటలో బియ్యం ఏరుతోంది. తలైనా ఎత్తలేదు.

"ఎందుకు తియ్ బిడ్డా. ఇంట్ల కుట్టుకుంటలేవా?"

అంతే! అరుపు లేదు, తిట్టు లేదు. ఒక రాయి ఏరి పక్కన పడేసింది. ఆ మాటకు ఇక తిరుగులేదు!

"మీరన్న జెప్పుండ్రి! నియంత వేషమేసి మందిని ఉరి దీయించెటోళ్లు గద!" అని భర్తను బతిమాలింది వినోద.

"గది సీరియలే! గీడున్నది అమ్మ!" అన్నాడు మా నియంత, చెప్పులు చేత పట్టుకుని పిల్లిలా జారుకుంటూ.

అసలు అక్కడ సెట్టులో అతని బాధ అతనికుంది పాపం! పుట్టి బుద్ధెరిగాక మంచి అన్నయ్య, మంచి బావ వేషాలే వేసిన మనిషి. ఇప్పుడు ప్రాణస్నేహితుణ్ణి ఉరి తీయమని ఆజ్ఞాపించాలి. అరిస్తే గొంతు బొంగురుపోతోంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఒకసారైతే భటులతో "జర మెల్లగ తీస్కపోండ్రి" అనేశాడు! మంగళవారం హేమచంద్ గారు తేల్చి చెప్పారు: "ఇవాళ కుదరకపోతే ఇంకొకరిని పిలవాల్సిందే."

గురువును కదా, నేనూ అక్కడే ఉన్నాను. లేచి నియంత నడక నడిచి చూపించాను. హేమచంద్ గారు కంగారుగా కుర్చీ తెప్పించి, "పెద్దాయనా, మోకాళ్ల నొప్పులా?" అన్నారు. నా గురుత్వం అక్కడికి సరి!

రాఘవేందర్ భార్య కుట్టిన కోటును ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఉన్నట్టుండి, "ఒక చేట, గిన్ని బియ్యం తెప్పిస్తరా సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. కెమెరా తిరిగింది. ఛాతీ నిండా పతకాలు, ఒళ్లో చేట! కాళ్ల మీద పడి ఏడుస్తున్న స్నేహితుణ్ణి చూడనైనా చూడకుండా బియ్యం ఏరుతూ, మెత్తగా, "ఎందుకులే. తీసుకెళ్లండి" అని ఒక రాయి పక్కన పడేశాడు.

"ఓకే!" అంటూ హేమచంద్ గారు ఎగిరి గంతేశారు! అప్పుడే భోజనం డబ్బాతో వచ్చిన వినోదకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే గుండె జారింది. "అయ్యో మామా! అత్తమ్మ జూస్తె నా పని గోవిందా!"

గురువారం సాయంత్రం అది టీవీలో రానే వచ్చింది. సీరియల్ మొదలవుతుండగానే రాఘవేందర్ స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. మా అక్క ఒళ్లో చేటతో టీవీ ముందు కూర్చుంది, పక్కన నేను. ఆ దృశ్యం రాగానే ఆమె చెయ్యి ఆగిపోయింది...

"వీడు ఎవరి లెక్క జేస్తుండో నాకెర్కనే!" అంది.

వినోద టీవీ కట్టెయ్యడానికి లేచింది.

"మా అత్త! అచ్చం మా అత్తనే! బాలవాడిల పిల్లలకు పాటలు నేర్ప రమ్మని నన్ను పిలిస్తె, గిట్లనే బియ్యమేరుకుంట ‘ఎందుకు తియ్’ అన్నది. ఎన్నేండ్లాయె! ఇయ్యాల్టికీ మర్సిపోలే..." చేటలోని బియ్యం మీద టప్పున ఒక కన్నీటి చుక్క రాలింది! ఆ చుక్కను చూసింది, చేటను చూసింది, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కోడలి కళ్లను చూసింది...

"వినోదా... నేను గూడ నిన్ను గట్లనే అన్ననా?"

‘లేదత్తమ్మా’ అంటే ఆ పూటకు ఇల్లు చల్లగా ఉండేది. అయినా వినోద నిజమే చెప్పేసింది.

"అన్నరు అత్తమ్మా."

 మా అక్క చేటను పక్కకు నెట్టి, స్నానాల గది తలుపు వైపు తిరిగి కేకేసింది. పదిహేనేళ్లలో ఆమె గొంతు పెంచడం వినోద వినడం అదే మొదలు!

"ఒరేయ్ నియంతా! బయటికి రా! రేపట్కెల్లి బియ్యం నువ్వే ఏరాలె. నా కోడలు పొద్దుగాల్నే శామీర్‌పేట బస్సెక్కాలె!"

వినోద అత్త ఒళ్లో తల పెట్టుకుని భోరుమంది...

ఇందులో ఒక్క ముక్క మాత్రం నా కల్పన, చెప్పేస్తున్నాను. బియ్యం మీద పడ్డ ఆ కన్నీటి చుక్క! మా అక్క ఏడ్చే మనిషి కాదు. అప్పుడు నిజంగా వచ్చి పడింది చుక్క కాదు, చేటలో ఏరిన రాయి. అది కూడా, "నీకేం నవ్వొస్తాందిరా ఓదెలూ?" అంటూ సూటిగా నా నెత్తి మీదికే!