సంపు గదిలో పచ్చ చుక్క

ఆ సంపు గదికి చెడ్డపేరు. పెద్ద గోదాము అడుగున, మెట్లు దిగితే నేలలో నోరు తెరుచుకున్న నీళ్ల తొట్టి. నిరుడు అందులో ఒకమ్మాయి దూకి చచ్చిపోయిందట. అప్పట్నుంచీ పట్టపగలు కూడా ఎవరూ దిగరు. మోటారు స్విచ్చి కూడా పైకి మార్పించుకున్నారు, అంత ధైర్యవంతులు!

ఇప్పుడు ఆ గోదాములో పని చెయ్యడానికి వచ్చింది ఆ అమ్మాయి తమ్ముడే. అక్కాతమ్ముళ్లిద్దరిదీ ఒకటే పని. గోదాముల్లో సెన్సార్లు బిగించి, వాటన్నిటినీ వైర్లు లేకుండా ఒక పెట్టెకు కలపడం. అక్క సగంలో ఆపిన ఈ పనికి ఇంకెవరూ రామన్నారు. "నేను వెళ్తాలే" అన్నాడు. భయం లేదు, బాధా లేదు. అక్క పోయిన రోజు నుంచి అతనికి ఏదీ అంటడం లేదు. వాళ్లమ్మ మాత్రం రోజూ అడుగుతుంది... "నా బిడ్డ ఎందుకు దూకిందిరా?"

చీకటి పడింది. పై గదుల్లో సెన్సార్లు బిగించాడు. పెట్టె ఆన్ చేసి నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ కొట్టాడు. ఎక్కడికెళ్లినా అవే, అక్క పెట్టినవే. "నీ మతిమరుపుకి ఇంకోటి గుర్తుండదురా" అని వెక్కిరించేది. చిన్నప్పుడు రోడ్డు దాటించాలన్నా చెయ్యి పట్టుకునేది కాదు, కాలరు పట్టి లాగేది.

ఫోన్‌లో పేర్లు ఒక్కొక్కటే వెలిగాయి. తలుపు... చల్లగది... ఆ తర్వాత —

సంపు. నీళ్లు నిండుగా ఉన్నాయి.

సంపుకి పెట్టాల్సిన సెన్సారు ఇంకా అతని సంచిలోనే ఉంది. దానికి బ్యాటరీ కూడా వెయ్యలేదు.

"వద్దు బాబూ... దిగకు..." గుసగుసగా అన్నాడు గోదాము వాచ్‌మన్. పైనుంచి టార్చి కొట్టాడే గానీ ఒక్క మెట్టు దిగలేదు.

కింద, సంపు పక్క గోడ మీద... పచ్చ చుక్క ఒకటి మినుకుమంటోంది.

ఓస్, ఇంతేనా! అక్క బిగించిన సెన్సారు. అక్క పోయాక పెట్టె తీసుకెళ్లిపోయారు, దీన్ని మరిచారు. ఏడాదిగా పాత నెట్‌వర్క్ కోసం వెతుక్కుంటూ, ఇవాళ అదే పేరు కనబడగానే వచ్చి కలిసింది.

మెట్లు దిగి, దగ్గరికెళ్లి చూశాడు. ఒక స్క్రూ గట్టిగా బిగించి ఉంది. రెండోది సగమే తిరిగింది.

చావబోయే మనిషి స్క్రూలు బిగిస్తుందా?

స్క్రూడ్రైవరు తీసి ముందుకు వంగాడు. అంచంతా పాకుడు. కాలు జర్రున జారింది —

కాలరు బిగుసుకుంది. ఎవరో వెనక్కి లాగారు. పొడినేల మీద కూలబడ్డాడు.

కాసేపటికి లేచి, ఈసారి మోకాళ్ల మీద కూర్చుని, ఆ రెండో స్క్రూ బిగించాడు. పైకొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా... అక్క దూకలేదు. పని చేస్తూ జారింది."

"నీకెలా తెలుసురా?"

"నేనూ జారాను."

అవతల నుంచి అమ్మ మెల్లగా అడిగింది...

"మరి నిన్నెవరు పట్టుకున్నారు నాన్నా?"

వాచ్‌మన్ కేసి చూశాడు. ఆయన ఇంకా ఆ పై మెట్టు మీదే, కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మెడ తడుముకున్నాడు. చొక్కా అంతా పొడిగానే ఉంది. కాలరు ఒక్కటే నీళ్లు కారుతోంది.

ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.