మూడు పనుల డబ్బా

"ఇది ఆటలాడుకునేదా, పాటలు వినేదా, సినిమాలు చూసేదా?"

"మూడూనండీ!" అన్నాడు తోకితా సోసుకే, తను చేసిన చేతి డబ్బా చూపిస్తూ, వెలిగిపోతూ.

"అయితే ఏదీ సరిగ్గా చెయ్యదన్నమాట," అంది కుజె మినోరి.

2005లో ఎలక్ట్రానిక్స్ దుకాణాల పేట అకిహబారాలో కొత్త సరుకు ప్రదర్శన అంటే విలేకరులు తలలూపి, ఇచ్చిన బహుమతుల సంచీ చంకన పెట్టుకుని పోయేవారు. మినోరి ఆ రకం కాదు. పత్రికలో ఆమె రాసే ఒక్క పేజీ పెద్దపెద్ద కంపెనీల చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది. ఎనిమిదేళ్లలో ఆమె మెచ్చుకున్నది ఒక్క టార్చిలైటుని.

"వాడి చూడకుండానే అనేస్తే ఎలాగండీ కుజె గారూ? నాలుగేళ్లు నిద్ర మానుకుని చేశాను."

"హాయిగా పడుకోవాల్సింది."

సోసుకే మొహం మాడిపోయింది. అయినా వదల్లేదు. "మీ సమీక్ష చూశాకే దీన్ని అమ్మాలో వద్దో తేలుస్తానన్నాడు మా డైరెక్టర్. వద్దంటే నన్ను రైస్ కుక్కర్ల విభాగంలో పడేస్తారు."

"ఎక్కడ వాడాలి దీన్ని?"

"రైల్లోనండీ! ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల కోసమే చేశాం."

"తమరు రోజూ ఏ రైలెక్కుతారు?"

"నేను... కంపెనీ హాస్టల్లో ఉంటానండీ, ఆఫీసు వెనకే. మా టీమంతా అక్కడే."

మినోరికి నవ్వాగలేదు. "ఓరి దేవుడా! రైలెక్కనివాళ్లంతా కూర్చుని రైలు జనాన్ని ఉద్ధరించారా! రేపు పొద్దున ఏడూ నలభైకి మితాకా స్టేషన్. నేను రోజూ ఎక్కే మూడో పెట్టె, రెండో తలుపు. తమరి ఘనకార్యం తమరే వాడి చూపించాలి."

వచ్చాడు పాపం, ఇస్త్రీ చొక్కాతో. తర్వాతి స్టేషన్ కిచిజోజీ దాటేసరికి తోపులాటలో ఆ ఇస్త్రీ ఊసే లేదు.

"ఊఁ, ఆడండి."

"రెండు చేతులూ కావాలండీ."

"మరి పైనున్న పిడి ఎవరు పట్టుకుంటారు, మీ డైరెక్టరా?"

పౌరుషం పొడుచుకొచ్చి పిడి వదిలేశాడు. ఓగికుబో దగ్గర రైలు బ్రేకు వేసింది. సోసుకే వెళ్లి ఎవరో పెద్దాయన పేపర్లోకి దూరాడు. క్షమించమని వంగబోతే వంగడానికి చోటే లేదు. సరేనని సినిమా పెట్టాడు. నకానో రాకముందే బ్యాటరీ చచ్చింది.

పక్కన కాలేజీ పిల్ల మడత ఫోను ఒంటిచేత్తో తెరిచి, పాట వింటూ, బొటనవేలితో టకటకా నొక్కుకుంటోంది.

"చూశారా? ఫోను ఎలాగూ జేబులో ఉంది. రేపు అదే సినిమా కూడా చూపిస్తుంది. మీ డబ్బా కోసం ఇంకో జేబు ఎవడు కుట్టించుకుంటాడు?"

సోసుకే ఆ డబ్బాను సంచీలో పడేశాడు. తర్వాత, "ఉన్నదున్నట్టే రాయండి. నా మొహం చూసి రాయకండి," అన్నాడు.

మినోరి గతుక్కుమంది. బతిమాలినవాళ్లున్నారు, బహుమతులు పంపినవాళ్లున్నారు. ఇలా అన్న మగాడు ఇతనొక్కడే. నచ్చాడు, అదీ చిక్కు. నాలుగు మంచి ముక్కలు కలిపితే అతను గట్టెక్కుతాడు. కలిపితే ఇక తన రాతకు విలువేముంది?

ఉన్నదున్నట్టే రాసింది. 'మూడు పరీక్షలు రాసి మూడూ తప్పిన డబ్బా' అని రాసింది. డబ్బా బజారుకు రాకుండానే ఆగిపోయింది. ఆ తర్వాత అతని నుంచి ఫోను లేదు, మెయిలూ లేదు. "అంత పొగరు దేనికే నీకు?" అని అద్దంలో తనను తానే తిట్టుకుంది.

మూడు వారాల తర్వాత, ఒక సోమవారం, మూడో పెట్టె రెండో తలుపు దగ్గర సోసుకే నిలబడి ఉన్నాడు.

"మీకు రైలుతో పనేంటి?"

"రైస్ కుక్కర్ల ఫ్యాక్టరీకండీ. షింజుకులో మారాలి."

"నన్ను తిట్టుకుంటున్నారా?"

"మొదటి వారం బాగా తిట్టుకున్నానండీ. రెండో వారం, ఇవన్నీ మావాళ్లకి నేనే చెప్పాల్సిందనిపించింది. మూడో వారం..."

"మూడో వారం?"

"ఫ్యాక్టరీకి మా హాస్టల్ గుమ్మంలోంచే బస్సుందండీ. ఇవాళ ఎక్కలేదు."

రైల్లో ఎవరూ గొంతెత్తరు. మినోరికి ఆ మర్యాద అప్పుడు గుర్తు రాలేదు.

"ఆ డబ్బా చెత్త! ఇప్పటికీ అదే అంటాను. దాన్ని చేసిన మనిషి మాత్రం నాకు కావాలి. అర్థమైందా, మొద్దు మొహమా?"

పెట్టెలో జనమంతా ఫోన్లలోకి తలలు దించేశారు. ఒక్కరి వేలూ కదల్లేదు.

"అర్థమైందండీ," అన్నాడు సోసుకే, చెవులు ఎర్రగా కందిపోయి.

"అండీ ఏంటి అండీ! మినోరి అను."

ఆ ఒక్క పేరు పలకడానికి షింజుకు దాకా తంటాలు పడ్డాడు. దిగే జనం ప్లాట్‌ఫాం మీదకు తోసేశాక గానీ నోరు పెగల్లేదు.

"మినోరీ!"

ఆమె ఆఫీసు ఇంకా రెండు స్టేషన్ల అవతల ఉంది. అయినా దిగేసింది.