ముఖం గీయని నాన్న బొమ్మ

"ఈయన మా పిల్లలెవరికీ నాన్న కాదండీ."

ఆమె నాతో అన్న మొదటి మాట ఇదే. మా ప్రింటింగ్ షాపు కౌంటర్ మీద నేను గీసిన బొమ్మ ఉంది. కోటు, టై, చేతిలో పెట్టె, ముఖం నిండా నవ్వు. ఫాదర్స్ డేకి పిల్లలు రంగులు వేసుకునే బొమ్మ కావాలని ఎదురుగా ఉన్న బడి నుంచి ఫోన్లో ఆర్డరు వస్తే, మనసు పెట్టి గీశాను.

నా చేతి మీద నాకు నమ్మకం ఎక్కువ. ఈ వీధిలో బేకరీ బోర్డు మీది కేకూ నాదే, పళ్ల డాక్టరు బోర్డు మీది పన్నూ నాదే. ఆ పన్ను చూసి నొప్పి లేనివాళ్లు కూడా లోపలికి వస్తున్నారని డాక్టరే ఒప్పుకున్నాడు. అలాంటి నన్ను పట్టుకుని ఓ పిల్లల టీచరు ఇలా అంటుందా?

"మరి ఎవరి నాన్నండీ?" అన్నాను.

"ఏ బ్యాంకు ప్రకటనకో నాన్న. మా క్లాసులో ఒకళ్ల నాన్న లారీ నడుపుతారు. ఇంకొకళ్ల నాన్న రొట్టెలు కాలుస్తారు. ఒక పాపని తాతయ్యే పెంచుతున్నారు. టై కట్టేవాళ్లు ఒక్కళ్లు కూడా లేరు."

"ఫోన్లో ఇవన్నీ చెప్పలేదు."

"మీరు అడగలేదు. ఇదిగో, ఈ కోటు చూడండి. గీతలు మూలల్లో కలవలేదు. నాలుగేళ్ల పిల్లలు గీత ఎక్కడ తెగితే అక్కణ్ణుంచి రంగుని బయటికి తోలేస్తారు. గీత లావుగా ఉండాలి, మూల మూసుకోవాలి."

బిల్లింగ్ దగ్గర కూర్చున్న మా అక్క కిసుక్కున నవ్వింది. సొంత అక్కే పరాయి పక్షం చేరితే ఇక ఎవరితో చెప్పుకోవాలి?

"ముఖం ఖాళీగా వదిలెయ్యండి," అంది టీచరు. "ఎవరి నాన్న ముఖం వాళ్లే వేసుకుంటారు."

"ముఖం లేకపోతే నాన్న అని ఎలా తెలుస్తుంది?"

"తెలిసేలా గీయడమే కదండీ మీ పని. రేపొస్తాను."

గొడుగు తెరిచి రోడ్డు దాటింది. నేను చూస్తూ నిలబడ్డాను. చూడటం నాకు కొత్తేం కాదు. ఆమె ఆ బడిలో చేరిన నాటి నుంచీ సాయంత్రం బడి వదిలే వేళకి నాకు షాపు ముందు ఏదో ఒక పని తగులుతూనే ఉంది. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తుంటాను.

"అద్దం అరిగిపోతుందిరా," అంటుంది అక్క.

ఆ వేళకి గేటు దగ్గరికి ఇంకొకాయన కూడా వస్తారు. టీచరు గారి నాన్న. పాత స్కూటరు, భారీ మనిషి, నెత్తిన హెల్మెట్. ఆ హెల్మెట్ తీయగా నేనెప్పుడూ చూడలేదు కాబట్టి నా లెక్కలో ఆయన హెల్మెట్ గారు. ఇంటికొచ్చిన సంబంధాలన్నీ గుమ్మంలోంచే తిప్పి పంపేశారని అక్క ఎక్కడో విని వచ్చింది. చెప్పులు వంకరగా విడిచాడని ఒకణ్ణి వద్దన్నారట. ఎప్పటికైనా వెళ్లి మాట్లాడాల్సింది ఆయనతోనే అని నాకు తెలుసు. ఆ రోజు నుంచి నా చెప్పులు మాత్రం తిన్నగా విడుస్తున్నాను.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ముఖం లేని నాన్న ఎంతకీ రావట్లేదు. తల ఎత్తితే హెల్మెట్ గారు స్కూటరు ఆపి దిగారు. ఎప్పట్లాగే జేబులోంచి రుమాలు తీసి వెనక సీటు తుడిచారు. అంచులు తుడిచి, మూలలు తుడిచి, రుమాలు పిండి జేబులో పెట్టుకున్నారు. తర్వాత గొడుగు తెరిచి సీటుకి పట్టారు. తను మాత్రం తడుస్తూ నిలబడ్డారు.

పెన్సిలు దానంతటదే కదిలింది.

మర్నాడు టీచరు ఆ బొమ్మని చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"ఈయన ఏం చేస్తున్నారు?"

"సీటు తుడుస్తున్నారండీ. కూతురు వచ్చి కూర్చుంటే తడి తగలకూడదని."

"వానొచ్చినప్పుడేనా?"

"ఎండాకాలం దుమ్ము తుడుస్తారు. కూతురు గేటు దాటేసరికి రుమాలు జేబులోకి, గొడుగు తన నెత్తి మీదికి పోతాయి."

ఆమె గీతల వెంట వేలు పెట్టి చూసింది. "మూలలు కలిశాయి. ప్రింట్ చెయ్యండి," అని వెళ్లిపోయింది. గొడుగు మా కౌంటర్ మీదే ఉండిపోయింది.

షీట్ల కట్ట బడికి చేరాక, మిగిలిన ఒక్క షీటు చూసి అక్క నోరు తెరిచింది.

"ఒరేయ్, బండి నంబరు కూడా వేశావేంట్రా?"

చూస్తే నిజమే. రోజూ చూసే బండి. చెయ్యి అలవాటుగా నంబరుతో సహా దింపేసింది.

"అయిపోయావు తమ్ముడూ. వంకర చెప్పులకే వద్దన్న మనిషి, ఊళ్లో పిల్లలందరి చేతా తనకి రంగులు వేయిస్తే ఊరుకుంటాడా?"

"ఊరుకోకపోతే నాతో మాట్లాడతారు కదా. నాకు కావాల్సింది అదేగా," అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. చెప్పులు మాత్రం మరోసారి తిన్నగా సర్దుకున్నాను.

ఫాదర్స్ డే వేడుక జరిగిన రోజు సాయంత్రం, గొడుగు ఇచ్చే నెపంతో బడికి వెళ్లాను. తండ్రులంతా పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు. క్లాసులో ఆమె ఒక్కతే కింద పడిన క్రేయాన్లు ఏరుతోంది.

"రండి. మీ నాన్నలు ఎలా తయారయ్యారో చూడండి," అంది.

గోడ నిండా నాన్నలే. ఒకాయనకి నీలం గడ్డం. ఒకాయన నెత్తి మీద సరిగ్గా మూడు వెంట్రుకలు. తాతయ్య పెంచుతున్న పాప బోసినోటి నవ్వు వేసింది. ఒకాయన చెవులు గొడుగుని దాటిపోయాయి. స్కూటర్లు గులాబీ, పచ్చ, ఊదా. నంబరు మాత్రం అన్నిటికీ ఒకటే.

"పిల్లలు నంబరుకి కూడా రంగు వేశారు," అంది మామూలుగా.

"మీరెప్పుడు చూశారు?"

"మీరు బొమ్మ చూపించిన రోజే. మా బండి నంబరు నాకు తెలీదా?"

"మరి ప్రింట్ ఎందుకు చెయ్యమన్నారు?"

ఆమె క్రేయాన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని పిల్లల కుర్చీలో కూర్చుంది.

"నంబరు తీసెయ్యమనాలనిపించలేదు. మీరన్నది నిజమేనా అని ఆ సాయంత్రం కాస్త ముందే బయటికొచ్చి గేటు వెనక నిలబడ్డాను. నాన్న వచ్చారు, తుడిచారు. నేను చూశానని ఆయనకి తెలీదు. నా చిన్నప్పటి నుంచీ ఆ సీటు పొడిగానే ఉంటుందండీ. బండి మంచిదనుకున్నాను." కళ్లు తుడుచుకుని నవ్వింది. "మా నాన్నని నాకంటే బాగా మీరు చూశారు. కోపం రావాలి. రావట్లేదు."

"నేను చూస్తున్నది మీ నాన్న గారిని కాదండీ."

"అదీ తెలుసు. అద్దం అన్నిసార్లు ఎవరు తుడుస్తారు? ఆ మాట ఆయనకి చెప్పగలరా?"

చెప్పగలనని అనేలోపే బయట వాన దంచడం మొదలైంది, హెల్మెట్ గారు గుమ్మంలోకి వచ్చారు. చెప్పులు తిన్నగా విడిచారు. హెల్మెట్ తీశారు. కింద కళ్లు అచ్చం ఆమెవే. ఇన్నాళ్లూ ఈ కళ్లున్న మనిషికా నేను భయపడింది అనుకున్నాను.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గోడ వెంట నడిచారు. ఒక చివర నుంచి ఇంకో చివరికి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చారు.

"ఈ బండి నాది," అన్నారు.

ఆయన వేలు నంబరు మీద ఆగింది.

"ఎవరు గీశారు?"

"నేనేనండీ. ఎదురు షాపు."

"రోజూ నన్ను చూస్తుంటావా?"

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. "మీ అమ్మాయి కోసం చూస్తుంటానండీ. మీరూ ఆ గేటు వైపే చూస్తుంటారు. మధ్యలో మీరు కనపడ్డారు. రోజూ చూసీ చూసీ, ఆవిణ్ణి మీరు చూసుకున్నట్టు చూసుకోవాలని ఆశ పుట్టింది. పెళ్లి చేసుకుంటానని అడగడానికే వచ్చాను."

టీచరు ఒళ్లోంచి క్రేయాన్ డబ్బా జారింది. ఏరినవన్నీ మళ్లీ నేల పాలయ్యాయి.

ఆయన నా వైపు చూడలేదు. కూతురి వైపు తిరిగారు.

"తుడవడం నీకు తెలియకూడదనుకున్నానమ్మా. తెలిస్తే నేనే తుడుచుకుంటా నాన్నా అంటావు."

"అంటాను."

"అందుకే చెప్పలేదు." ఆయన నా వైపు చెయ్యి చూపించారు. "ఇతను అడిగినదానికి నువ్వేమంటావు?"

ఆమె నా కళ్లలోకి సూటిగా చూసింది. "మొదటిసారి మూలలు వదిలేశారు నాన్నా. చెప్తే దిద్దుకున్నారు. నాకు ఇష్టమే."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. వాన వచ్చినంత వేగంగానే వెలిసింది. జేబులోంచి రుమాలు తీసి నా ముందు పెట్టారు.

"వెళ్లు."

నేను వెళ్లాను. ఎన్నో బోర్డులు రాసిన చేత్తో రుమాలు మడిచి పట్టుకుని, స్కూటరు సీటు ముందు వంగాను. తుడిచాను. రోడ్డు అవతల అక్క మా షాపు అద్దానికి ముక్కు ఆనించి మరీ చూస్తోంది.

"మూలలు," అన్నారు వెనక నుంచి.

మూలలు తుడిచాను. అంచులు కూడా తుడిచాను. ఆమె వచ్చి, అరచేత్తో సీటు తడిమి చూసి, ఏమీ అనకుండా కూర్చుంది. పెదాలు బిగబట్టినా నవ్వు ఆగలేదు.

నేను తడి రుమాలు పిండి ఆయనకి తిరిగి ఇచ్చాను. ఆయన హెల్మెట్ పెట్టుకుని, బండి స్టార్ట్ చేసి, నా వైపు తిరిగారు.

"రేపటి నుంచి రుమాలు నువ్వే తెచ్చుకో, బాబూ."