ఫిజీలో తుఫాను

"లైట్లు ఆర్పెయ్యండి అంకుల్!"

రంగనాథ్ ఆర్పేస్తాడు.

ముందంతా మంచు... చీకటి... ఆ చీకట్లో రెండు ఎర్ర లైట్లు.

భరద్వాజ్ కారు!

"మెల్లగా... చూశాడంటే మధు ఇక దొరకదు!" చాందిని వేళ్లు సీటు బెల్టును నలిపేస్తున్నాయి.

మధ్యాహ్నం ఇదే భరద్వాజ్ ఫోన్ చేశాడు. ఫిజీ నుంచట!

"చేరిపోయాం వదినా! వ్యాంకూవర్ నుంచి కూర్చుని కూర్చుని నడుం విరిగిందనుకోండి. ఇక్కడ మాత్రం పొద్దున్నే ఎండ పేలిపోతోంది. మీ చెల్లెలైతే సముద్రంలోంచి బయటికి రానంటోంది!"

ఫొటో కూడా పంపాడు. కొబ్బరిచెట్లు, నీలం నీళ్లు. చెల్లెలు మధుమిత మాత్రం అందులో లేదు.

కెనడాలోని వాటర్లూలో తన గదిలో కూర్చుని చాందిని ఫిజీ వాతావరణం చూసింది.

తుఫాను!

చెట్లు వేళ్లతో సహా లేచిపోతున్నాయి. ఎయిర్‌పోర్టు నిన్నే మూసేశారు. ఒక్క విమానమూ దిగలేదు.

ఐలాండ్ అంటే ఏడాది పొడుగునా ఎండే కాస్తుందనుకున్నాడు, తలమాసినవాడు!

వెంటనే ఫోన్ చేసింది. పోలీసులకు కాదు... రంగనాథ్ అంకుల్‌కి. ఈ సంబంధం కుదిర్చిన పెద్దమనిషి.

"పోలీసులెందుకు తల్లీ, పరువు బజారున పడుద్ది. నేనొస్తున్నాగా!" అన్నాడాయన.

ఇద్దరూ వాన్‌లో భరద్వాజ్ ఇంటి ఎదుట కాపు కాశారు. చీకటి పడగానే గరాజ్ తలుపు లేచింది. ఫిజీలో ఉండాల్సిన మనిషి మందపాటి చలికోటు తొడుక్కుని కారు తీశాడు!

ఇప్పుడా కారు గోడౌన్ల వెనక ఆగుతుంది. భరద్వాజ్ దిగి ఓ ఇనప తలుపులోకి దూరిపోతాడు.

చాందిని దూకుతుంది. మోకాళ్ల దాకా మంచు. పరుగు! చలి గొంతులో బ్లేడులా దిగుతోంది.

మధూ... బతికుండవే... బతికుండు...

తలుపు తాళం! నంబర్లు నొక్కే రకం.

"అయ్యో అంకుల్! ఎలా?"

"జరుగు తల్లీ."

ఆయన గ్లవ్ తీసి టకటకా నొక్కుతాడు. తలుపు తెరుచుకుంటుంది.

లోపల వరసగా ఖరీదైన కార్లు. ఒక్కదానికీ నంబర్ ప్లేటు లేదు. ఆ చివర, నేల మీద...

మధు! చేతులు కట్టేసి... నోటికి టేపు వేసి...

చాందిని టేపు పీకేస్తుంది. "ఏం చేశాడే వాడు?"

"దొంగ కార్లక్కా... నేను చూసేశాను... ఎయిర్‌పోర్టుకని బయల్దేరదీసి ఇక్కడ పడేశాడు..."

మధు చూపు అక్క భుజం మీదుగా వెనక్కి పోతుంది.

"అక్కా! ఆయన్నెందుకు తీసుకొచ్చావే!"

చాందిని చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది.

ఆ నంబరు... అంకుల్‌కి ఎలా తెలుసు?

వెనక తలుపు మూసుకుంటుంది. గడియ పడుతుంది.

"ఒరేయ్ భరద్వాజ్," రంగనాథ్ గొంతులో విసుగు. "ఒక్క అబద్ధం సరిగ్గా ఆడలేవేంట్రా?"

కార్ల చాటు నుంచి భరద్వాజ్ చేతులు జోడిస్తూ వస్తాడు. "అంకుల్, పొరపాటైపోయింది... నేను..."

ధన్!

భరద్వాజ్ కూలిపోతాడు. సిమెంటు మీద వేడి నెత్తురు పాకుతోంది.

రంగనాథ్ చేతిలో తుపాకి మెల్లగా ఇటు తిరుగుతుంది.

"ఇక నువ్వు చెప్పు తల్లీ. ముందు నువ్వా... చెల్లా?"

చాందిని చెల్లెలి మీద పడి, ఒళ్లంతా కప్పేస్తుంది.

"అక్కా! లే అక్కా! లే..!"

ధన్!